పొరుగు దేశాల భద్రతా ఒప్పందాన్ని చదవడం ఎలా: గంజాం తీరంలోని తెలుగు పాఠకులకు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తుఫాను ఉద్దానం కొబ్బరి తోటలను పడగొట్టి, ఒడిశాలోని గజపతి, గంజాం జిల్లాలను వరదలతో ముంచెత్తింది. ఆ తుఫానుకు తిత్లీ అన్న పేరును సూచించిన దేశం పాకిస్తాన్. అంతకు ఐదేళ్ళ ముందు, 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరాన్ని తాకిన ఫైలిన్ పేరు థాయిలాండ్ ఇచ్చినది. ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆసియా పసిఫిక్ ఆర్థిక సామాజిక సంఘం కలిసి 1972లో నెలకొల్పిన తుఫానుల మండలిలో బంగాళాఖాతం, అరేబియా సముద్రం చుట్టూ ఉన్న దేశాలు సభ్యులు. 2004 నుంచి ఆ దేశాలు ఇచ్చిన పేర్లనే వరుసగా వాడుతున్నారు. తుఫాను పుట్టిన ప్రతిసారీ ఢిల్లీలోని భారత వాతావరణ శాఖ ప్రాంతీయ కేంద్రం సభ్య దేశాలన్నింటికీ హెచ్చరికలు పంపుతుంది.

తిత్లీ రావడానికి మూడు వారాల ముందే, న్యూయార్క్‌లో జరగవలసిన భారత, పాకిస్తాన్ విదేశాంగ మంత్రుల సమావేశాన్ని భారత్ రద్దు చేసుకుంది. మంత్రులు ఒకరి ముఖం ఒకరు చూడని ఆ రోజులలోనూ తుఫాను సమాచారం ఎవరికి, ఎప్పుడు, ఎలా వెళ్ళాలన్న ఏర్పాటు చెక్కుచెదరలేదు. పొరుగు దేశాల మధ్య భద్రతా సహకారం గురించి చదివే ప్రతి పాఠకుడూ ముందుగా పట్టుకోవలసిన కొస ఇదేనని నా నమ్మకం. సంబంధాలు బాగున్నప్పుడు ఏ ఒప్పందమైనా పనిచేస్తుంది. సంబంధాలు చెడిన రోజున కూడా ఫలానా అధికారి ఫలానా గడువులోగా ఫలానా పని చేసి తీరాలని అందులో రాసి ఉందా, లేదా అన్నదే ఆ ఒప్పందం విలువను తేలుస్తుంది.

బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాలలోని తెలుగు విద్యార్థులను, ఉపాధ్యాయులను, మత్స్యకార సంఘాలలో పనిచేసే యువకులను మనసులో పెట్టుకుని ఈ పద్ధతిని రాస్తున్నాను. మన తీరం నుంచి వేటకు బయలుదేరే పడవకు ఎదురుగా ఉన్నది బంగ్లాదేశ్, మయన్మార్, థాయిలాండ్, శ్రీలంక దేశాలు పంచుకుంటున్న సముద్రం. ఆ దేశాలతో ఢిల్లీ చేసుకునే ఒప్పందాల గురించి పత్రికలలో వచ్చేది చాలాసార్లు నాయకులు చేతులు కలిపిన ఫొటో, దాని కింద నాలుగు వాక్యాలు మాత్రమే. అసలు పత్రాన్ని స్వయంగా తెరిచి చదవడం నేర్చుకుంటే ఆ నాలుగు వాక్యాల మీద ఆధారపడవలసిన అవసరం ఉండదు.

మొదట ఒకే ఒక పత్రాన్ని ఎంచుకోండి

దక్షిణాసియా భద్రత అన్న పెద్ద విషయాన్ని మొత్తంగా చదవాలని కూర్చుంటే నెల తిరిగేసరికి పుస్తకాలు మూలన పడతాయి. ఒక ఒప్పందాన్ని ఎంచుకుని దాని పూర్తి పాఠాన్ని సంపాదించండి. భారతదేశం చేసుకున్న ఒప్పందాల పాఠాలు విదేశాంగ మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో ఒక చోట చేర్చి ఉంటాయి. బంగాళాఖాత ప్రాంతపు ఏడు దేశాల కూటమి బిమ్‌స్టెక్, దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ వంటివాటి పత్రాలు ఆయా సచివాలయాల వెబ్‌సైట్లలో దొరుకుతాయి. ఐక్యరాజ్యసమితి ఛార్టరు 102వ అధికరణం ప్రకారం సభ్య దేశాలు తమ ఒప్పందాలను ఆ సంస్థ వద్ద నమోదు చేయించాలి. నమోదు కాని ఒప్పందాన్ని ఆ సంస్థ అంగాల ముందు ఆధారంగా చూపే వీలు లేదు. అందువల్ల ఐక్యరాజ్యసమితి ఒప్పందాల సంపుటాలు కూడా నమ్మదగిన ఆధారమే. పత్రికా వార్తతో మొదలుపెట్టి పత్రం దగ్గరకు వెళ్ళకండి. పత్రం చదివి ఆ తరువాత వార్తను చూస్తే, వార్తలో ఏది వదిలేశారో మీకే కనిపిస్తుంది.

పత్రం చేతికి వచ్చాక దాని రకాన్ని గుర్తించండి. ఒడంబడిక, ఒప్పందం అన్నవి సాధారణంగా చట్టపరంగా కట్టుబడవలసినవి. అవగాహన పత్రం, సంయుక్త ప్రకటన అన్నవి ఎక్కువగా రాజకీయ మాటలు. ఈ తేడా తెలియాలి గానీ దానినే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. 2021 ఫిబ్రవరి 25న భారత, పాకిస్తాన్ సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ళు విడుదల చేసినది కేవలం ఒక సంయుక్త ప్రకటన; అయినా ఆ తరువాత నియంత్రణ రేఖ వెంబడి కాల్పులు బాగా తగ్గి, సరిహద్దు పల్లెల్లో రైతులు తమ పొలాలకు వెళ్ళగలిగారు. అలాంటి ప్రకటనకు బలం ఇచ్చినది దాని వెనుక ఉన్న హాట్‌లైన్, ఆ హాట్‌లైన్‌కు రెండు చివర్లా బాధ్యత గల అధికారి ఉండటం.

రెండు తేదీలు రాసుకోండి

ప్రతి ఒప్పందానికీ సంతకం చేసిన తేదీ ఒకటి, అమలులోకి వచ్చిన తేదీ మరొకటి ఉంటాయి. ఈ రెండింటినీ పక్కపక్కన రాసుకోవడమే ఈ పద్ధతిలో అన్నిటికన్నా సులువైన పని, అన్నిటికన్నా ఎక్కువ నేర్పే పని కూడా.

బిమ్‌స్టెక్‌నే తీసుకోండి. 1997 జూన్ 6న బ్యాంకాక్‌లో బంగ్లాదేశ్, భారత్, శ్రీలంక, థాయిలాండ్ కలిసి దీనిని ప్రారంభించాయి; అదే ఏడాది చివర మయన్మార్, 2004లో నేపాల్, భూటాన్ చేరాయి. ఉగ్రవాదం, దేశాల హద్దులు దాటి సాగే వ్యవస్థీకృత నేరాలు, మాదకద్రవ్యాల రవాణా, ఈ మూడింటినీ ఎదుర్కోవడానికి ఈ కూటమి ఒక ఒడంబడికను 2009 డిసెంబరు 11న మయన్మార్ రాజధాని నేపిడాలో కుదుర్చుకుంది. అది అమలులోకి వచ్చినది 2021 మార్చి 16న. సంతకానికీ అమలుకూ మధ్య పదకొండేళ్ళు దాటిపోయాయి, ఎందుకంటే ప్రతి సభ్య దేశమూ తన ఇంటిలో దానికి ఆమోదం పొందాలి. కూటమి ఛార్టరు సంగతీ అంతే: పుట్టిన పాతికేళ్ళకు, 2022 మార్చి 30న కొలంబో శిఖరాగ్ర సమావేశంలో దాని మీద సంతకాలు జరిగాయి, 2024 మే 20న అది అమలులోకి వచ్చింది.

భారత, బంగ్లాదేశ్ భూ సరిహద్దు ఒప్పందం ఇంకా లోతైన పాఠం చెబుతుంది. 1974 మే 16న ఇందిరాగాంధీ, షేక్ ముజిబుర్ రహ్మాన్ సంతకం చేశారు. కానీ భూభాగాన్ని మరో దేశానికి అప్పగించాలంటే రాజ్యాంగ సవరణ తప్పనిసరి అని పశ్చిమ బెంగాల్‌లోని బేరుబారిలో కొంత భాగాన్ని పాకిస్తాన్‌కు ఇచ్చే విషయంలో సుప్రీంకోర్టు 1960లోనే అభిప్రాయం చెప్పి ఉంది. ముజిబుర్ రహ్మాన్ హత్య, ప్రభుత్వాల మార్పు, సరిహద్దు రాష్ట్రాల అభ్యంతరాలు అన్నీ కలిసి ఆ సవరణను వాయిదా వేస్తూ వచ్చాయి. 2011 సెప్టెంబరు 6న అనుబంధ ఒప్పందం కుదిరింది. 2015లో పార్లమెంటు రాజ్యాంగ నూరవ సవరణను ఆమోదించిన తరువాతే, జూలై 31 అర్ధరాత్రి, బంగ్లాదేశ్ లోపల ఉన్న 111 భారతీయ భూభాగపు ముక్కలు ఆ దేశానికి, భారత్ లోపల ఉన్న 51 బంగ్లాదేశ్ ముక్కలు మన దేశానికి చెందాయి. మనం వదులుకున్నది 17,160.63 ఎకరాలు, మనకు వచ్చినది 7,110.02 ఎకరాలు. లెక్క చూసి ఇది నష్టం అనుకునేవారు ఉంటారు. బడి, ఆసుపత్రి, పోలీసు ఠాణా, ఓటు ఏవీ అందని ఆ ముక్కలలో 2011 ఉమ్మడి లెక్కల ప్రకారం 51,549 మంది బతుకుతున్నారని, కంచె వేయలేని అలాంటి సరిహద్దు ఇరు దేశాలకూ ప్రమాదమేనని గుర్తుంచుకుంటే, ఎకరాల తేడా కన్నా ఆ ముడి విడిపోవడం పెద్ద లాభమని నేను భావిస్తున్నాను.

ఈ ఒప్పందంలో మరో మంచి అంశం ఉంది: ఆ ముక్కలలో నివసించేవారు ఏ దేశ పౌరులుగా ఉండదలచారో ఎంచుకునే వీలు వారికి ఇచ్చారు. దీనికి పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ మన బరంపురంలో పుట్టిన ఒక పెద్దమనిషి జీవితానికి దగ్గరగా ఉంది. రాష్ట్రపతి కావడానికి చాలా ముందు, 1947 నుంచి 1951 వరకు, వరాహగిరి వెంకటగిరి సిలోన్‌లో (నేటి శ్రీలంకలో) భారత హైకమిషనర్‌గా పనిచేశారు. ఆయన అక్కడ ఉన్న కాలంలోనే 1948 నాటి సిలోన్ పౌరసత్వ చట్టం వచ్చి, తేయాకు తోటల్లో పనిచేసే భారత సంతతి తమిళులలో అత్యధికులను ఏ దేశానికీ చెందనివారిగా మిగిల్చింది. 1964 అక్టోబరు 30న కుదిరిన సిలోన్ ప్రధాని సిరిమావో బండారనాయకే, భారత ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ఒప్పందంలో వారిలో 5,25,000 మందిని భారత్, 3,00,000 మందిని సిలోన్ తీసుకోవాలని, మిగిలిన 1,50,000 మంది సంగతి తరువాత తేల్చాలని రాశారు. ఆ అంకెలలోని మనుషులు ఆ చర్చల బల్ల దగ్గర లేరు. ఒప్పందంలో జనం సంఖ్య కనిపించిన చోటల్లా, ఆ జనం మాట ఎక్కడైనా విన్నారా అని పక్కన ప్రశ్న రాసుకోండి.

ఎవరు, ఏమి, ఎప్పటిలోగా

ఇప్పుడు పత్రం లోపలికి వెళ్ళాలి. ఒప్పందంలోని వాక్యాలు రెండు రకాలు. సహకారాన్ని పెంపొందించడానికి కృషి చేస్తాయి, అవకాశాలను పరిశీలిస్తాయి, అన్న తరహా వాక్యాలు ఎవరి మీదా బాధ్యత పెట్టవు. ఫలానా తేదీకి జాబితా అందజేయాలి, ఇన్ని రోజుల ముందు తెలియజేయాలి, అన్న వాక్యాలు పెడతాయి. పెన్సిల్ తీసుకుని రెండో రకం వాక్యాల కింద మాత్రమే గీత గీయండి. ముప్పై పేజీల పత్రంలో అలాంటి గీతలు రెండే పడవచ్చు. రెండు పేజీల పత్రంలో ప్రతి వాక్యం కిందా పడవచ్చు.

రెండో కోవకు చెందినదే భారత, పాకిస్తాన్‌ల మధ్య అణు కేంద్రాల మీద దాడి చేయకూడదన్న ఒప్పందం. 1988 డిసెంబరు 31న సంతకం, 1991 జనవరి 27న అమలు. ప్రతి జనవరి 1న ఇరు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాను ఒకదానికొకటి అందజేయాలి. 1992 నుంచి ఏ ఏడాదీ ఇది ఆగలేదు. పార్లమెంటు మీద దాడి తరువాత ఇరు సైన్యాలూ సరిహద్దులో మోహరించి ఉన్న 2002 జనవరి 1న కూడా జాబితాలు చేతులు మారాయి. ఆ రోజున ఆ కాగితం అందించిన దౌత్యాధికారి చేసిన పని, నా దృష్టిలో, ఎన్నో శిఖరాగ్ర సమావేశాల ప్రసంగాల కన్నా విలువైనది.

మన ఒడిశా తీరానికి నేరుగా సంబంధించినది 2005 అక్టోబరు 3 నాటి క్షిపణి పరీక్షల ఒప్పందం. నేల నుంచి గానీ సముద్రం నుంచి గానీ ఉపరితల లక్ష్యాల మీదికి ప్రయోగించే బాలిస్టిక్ క్షిపణిని (పైకెగసి వంపు దారిలో లక్ష్యం మీద పడేదానిని) పరీక్షించే ముందు కనీసం మూడు రోజుల ముందుగా ఎదుటి దేశానికి తెలియజేయాలన్నది దాని సారం. చాందీపూర్ నుంచి, అబ్దుల్ కలాం దీవి నుంచి జరిగే పరీక్షలలో ఆ కోవకు చెందిన వాటన్నిటికీ ఇది వర్తిస్తుంది. గోపాల్‌పూర్ సైనిక వాయు రక్షణ కళాశాల వారు కాల్పుల అభ్యాసానికి ముందు మత్స్యకారులకు ఫలానా రోజులలో ఫలానా మేర సముద్రంలోకి వెళ్ళవద్దని చెప్పే పద్ధతి మన ఊళ్ళ వారికి తెలిసినదే. ముందు చెప్పి చేస్తే అభ్యాసం అభ్యాసంగానే మిగులుతుంది; చెప్పకుండా చేస్తే అవతలివాడికి అది దాడిలా కనిపించవచ్చు. అణ్వాయుధాలు ఉన్న రెండు దేశాల మధ్య ఆ పొరపాటుకు తావు ఉండకూడదు.

రాయని సంగతి, మినహాయించిన సంగతి

పాఠకులు ఎక్కువగా దాటిపోయే భాగం ఇది. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

2022 మార్చి 9న భారత వాయుసేనకు చెందిన ఒక బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున ప్రయోగమై పాకిస్తాన్‌లోని మియాన్ చన్ను దగ్గర పడింది. ప్రాణనష్టం జరగలేదు. 2005 ఒప్పందాన్ని తెరిచి చూస్తే ఈ ఘటన దాని పరిధిలోకి రాదని తెలుస్తుంది: బ్రహ్మోస్ విమానంలా తక్కువ ఎత్తులో ఎగిరే క్రూయిజ్ క్షిపణి, ఒప్పందం బాలిస్టిక్ క్షిపణులకే, పైగా ఇది పరీక్ష కాదు, ప్రమాదం. కాబట్టి ఏ ఒప్పందం చదివినా, దీని పరిధిలోకి రానిది ఏమిటి అని ఒక ప్రత్యేక పేజీ కేటాయించండి.

చైనాతో 1996 నవంబరు 29న కుదిరిన ఒప్పందం ప్రకారం వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఏ పక్షమూ తుపాకీ పేల్చకూడదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో జరిగిన ఘర్షణలో తుపాకులు పేలలేదు. అయినా మన సైనికులు 20 మంది అమరులయ్యారు. రేఖ ఎక్కడ ఉందన్న విషయంలోనే ఇరువురికీ ఏకాభిప్రాయం లేనప్పుడు, ఆ రేఖకు ఎంత దూరంలో ఏమి చేయకూడదో రాసుకున్న నిబంధన కొంతవరకే కాపాడగలదు. అయితే ఆ నిబంధన లేకపోతే ఆ రాత్రి ఎంత దూరం పోయి ఉండేదో కూడా ఆలోచించాలి.

మినహాయింపుల విషయానికి భారత, పాకిస్తాన్‌ల 2008 మే 21 నాటి ఖైదీల ఒప్పందం మంచి పాఠ్యాంశం. ఇందులో గీత గీయదగిన వాక్యాలు చాలా ఉన్నాయి: ప్రతి జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి, అరెస్టయినవారిని వారి దేశపు దౌత్యాధికారులు కలిసే అవకాశం మూడు నెలలలోగా కల్పించాలి, శిక్ష పూర్తయి జాతీయత నిర్ధారణ అయిన వారిని ఒక నెలలోగా స్వదేశానికి పంపాలి. కానీ ఆరో అంశంలో, రాజకీయ లేదా భద్రతా కారణాల మీద జరిగిన అరెస్టులను ప్రతి పక్షమూ విడిగా పరిశీలించుకోవచ్చునని ఉంది. గూఢచారి అని అరెస్టు చేసి పాకిస్తాన్ మరణశిక్ష విధించిన మాజీ భారత నౌకాదళ అధికారి కులభూషణ్ జాదవ్ కేసులో ఆ దేశం ఈ అంశాన్నే ముందుకు తెచ్చింది. అంతర్జాతీయ న్యాయస్థానం 2019 జూలై 17న పదిహేను మంది ఒకవైపు, ఒకరు మరోవైపుగా ఇచ్చిన తీర్పులో, 1963 నాటి వియన్నా ఒడంబడిక 36వ అధికరణం ఇచ్చిన, సొంత దేశపు దౌత్యాధికారులను కలిసే హక్కును ఈ ఆరో అంశం తీసివేయలేదని స్పష్టం చేసింది. రెండు దేశాల ఒప్పందం చదివేటప్పుడు, ఆ రెండూ సంతకం చేసిన ప్రపంచ స్థాయి ఒడంబడికలను కూడా పక్కన పెట్టుకోవాలనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నిర్ణయం ఎలా జరుగుతుంది

కూటమి పత్రం అయితే నిర్ణయాల పద్ధతి రాసిన అధికరణాన్ని తప్పక చూడండి. 1985 డిసెంబరు 8న ఢాకాలో పుట్టిన సార్క్‌లో అన్ని నిర్ణయాలూ ఏకగ్రీవంగా జరగాలి, ఇరు దేశాల మధ్య ఉన్న వివాదాలను చర్చకు తీసుకోకూడదు. 2014 నవంబరు నాటి కఠ్మాండూ సమావేశం తరువాత సార్క్ శిఖరాగ్ర సమావేశం జరగకపోవడానికి మూలం ఆ నిబంధనలోనే ఉంది. ఒక్క దేశం రాకపోయినా సభ జరగదు. బిమ్‌స్టెక్ కూడా ఏకాభిప్రాయం మీదే నడుస్తుంది, కానీ పనిని ఏడు రంగాలుగా విభజించి ఒక్కో దేశానికి ఒక్కో రంగం నాయకత్వం అప్పగించింది. భద్రతా రంగం భారతదేశానిది. సభ్య దేశాల జాతీయ భద్రతా ప్రధానుల తొలి సమావేశం 2017 మార్చిలో ఢిల్లీలో జరిగింది.

ఇద్దరి మధ్య తేలని వివాదాన్ని మూడో వ్యక్తి ముందు పెట్టడం కూడా దౌత్యమే. బంగాళాఖాతంలో సముద్ర సరిహద్దు ఎక్కడ అన్న భారత, బంగ్లాదేశ్ వివాదంలో ది హేగ్‌లోని మధ్యవర్తుల మండలి 2014 జూలై 7న తీర్పు ఇచ్చింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. పెద్ద దేశమైన భారత్ ఆ తీర్పును అంగీకరించింది. ఈ సముద్రంలో వేటాడేవారికి ఆ అంగీకారం వల్ల కలిగిన మేలు ఏమిటంటే, గీత ఎక్కడ ఉందో ఇప్పుడు అందరికీ తెలుసు. 2018 నుంచి రెండు నౌకాదళాలూ ఆ గీత వెంబడి సమన్వయంతో గస్తీ తిరుగుతున్నాయి.

తీరానికి పనికివచ్చే ఒక పేజీ

చదివినది ఊరికి ఉపయోగపడాలి. గోపాల్‌పూర్, ఆర్జిపల్లి వంటి తీర గ్రామాల తెలుగు మత్స్యకారులు గుజరాత్, తమిళనాడు రేవులకు వలస వెళ్ళి మరబోట్ల మీద పనిచేయడం కొత్త సంగతి కాదు. 2018 నవంబరు చివర గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళి పాకిస్తాన్ అధికారులకు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దులో విడుదలయ్యారు. పదమూడు నెలలకు పైగా వారి ఇళ్ళలో ఏమి జరిగి ఉంటుందో తీరం వారికి వివరించనక్కరలేదు. 2025 జనవరి 5న భారత్, బంగ్లాదేశ్ సముద్ర సరిహద్దు దగ్గర 95 మంది భారతీయ, 90 మంది బంగ్లాదేశ్ మత్స్యకారులను పరస్పరం అప్పగించుకున్నాయి.

ఇలాంటి పరిస్థితికి సిద్ధంగా ఉండేలా, ఒప్పందాల సారాన్ని ఒక్క పేజీలో తేలిక తెలుగులో రాసి మత్స్యకార సంఘం గోడ మీద అంటించండి. అందులో మొదట రాయవలసినది పట్టుబడిన తేదీ ప్రాధాన్యం: 2008 ఒప్పందంలోని మూడు నెలల గడువు ఆ రోజు నుంచే లెక్కకు వస్తుంది కాబట్టి, పడవ యజమాని నుంచో తోటి పడవ సరంగు నుంచో వార్త తెలిసిన వెంటనే తేదీ, సమయం, పడవ పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య, పడవలోని అందరి పేర్లు కాగితం మీద పెట్టాలి. సముద్రంలో ప్రమాదం జరిగితే కోస్ట్ గార్డ్ ఉచిత నంబరు 1554కు ఫోన్ చేయాలి. పట్టుబడిన సంగతి అయితే జిల్లా కలెక్టరుకు, మత్స్య శాఖ అధికారికి రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోవాలి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయాలి.

రెండోది జాతీయత నిర్ధారణ. విడుదలలు ఆలస్యం కావడానికి పెద్ద కారణం ఇదే, ఎందుకంటే ఖైదీ చెప్పిన చిరునామాను అతని సొంత జిల్లాలో పోలీసులు విచారించి ధ్రువీకరించాలి. ఒడిశాలోని తెలుగు కుటుంబాలకు ఇక్కడ అదనపు చిక్కు ఉంది. ఇంటి పేరు ఆధార్‌లో ఒక తీరుగా, మత్స్యకార గుర్తింపు కార్డులో ఇంకో తీరుగా, ఓటరు జాబితాలో ఒడియా లిపిలో మరో తీరుగా పడి ఉంటుంది. వలస వెళ్ళే ముందే మూడింటిలోనూ పేరు ఒకేలా ఉండేట్టు సరిచేయించుకుని, నకళ్ళు ఇంటి దగ్గర ఒక సెట్టు, సంఘం దగ్గర ఒక సెట్టు ఉంచాలి. ఈ ఒక్క జాగ్రత్త వల్ల ఒక మనిషి జైలులో గడిపే కాలం నెలల లెక్కన తగ్గవచ్చు. అందుకే దీనిని ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పమని యువకులను కోరుతున్నాను.

మూడోది హక్కు గురించి. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక 73వ అధికరణం ప్రకారం, తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ వరకు ఉండే ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల వేట నిబంధన ఉల్లంఘించినందుకు, దేశాల మధ్య ప్రత్యేక అంగీకారం ఉంటే తప్ప, జైలు శిక్ష వేయకూడదు. తగిన పూచీకత్తు తీసుకుని పడవనూ మనుషులనూ త్వరగా వదిలిపెట్టాలి. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక నాలుగూ ఈ ఒడంబడికలో ఉన్నాయి. తీరానికి 12 నాటికల్ మైళ్ళ లోపలి ప్రాదేశిక జలాలకు ఈ రక్షణ వర్తించదు. అందువల్ల పట్టుబడిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా తెలియడం ఎంతో అవసరం. జీపీఎస్ పరికరంలో దారి నమోదు అయ్యేలా ఉంచమని సరంగులకు చెప్పండి.

చదివినదాన్ని వెంటాడే రిజిస్టరు

ఒప్పందం చదివి ఊరుకుంటే సగం పనే అయినట్టు. ఒక రిజిస్టరు తెరిచి ఒక్కో ఒప్పందానికి రెండు పేజీలు కేటాయించండి. ఎడమ పేజీలో మీరు గీత గీసిన బాధ్యతలు, వాటి గడువులు రాయండి. కుడి పేజీలో అవి జరిగాయో లేదో తేదీతో సహా రాయండి. ఏటా జనవరి 1న విదేశాంగ శాఖ అణు కేంద్రాల జాబితా గురించి, ఖైదీల జాబితా గురించి ప్రకటనలు ఇస్తుంది; జూలై 1న ఖైదీల జాబితా మీద మళ్ళీ ఇస్తుంది. ఆ ప్రకటనలలో మత్స్యకారుల సంఖ్య విడిగా ఉంటుంది. గత ప్రకటనతో పోల్చి ఎంతమంది తగ్గారో, ఎంతమంది పెరిగారో కుడి పేజీలో ఎక్కించండి. కళాశాల విద్యార్థుల బృందం అయితే ఒక్కొక్కరు ఒక్కో ఒప్పందానికి బాధ్యత తీసుకోవచ్చు.

కుడి పేజీ ఖాళీగా మిగిలిన చోట ప్రశ్న అడగాలి. బరంపురం, అస్కా, కొరాపుట్ లోక్‌సభ స్థానాల సభ్యులకు లేఖ రాసి, ఫలానా ఒప్పందంలోని ఫలానా నిబంధన అమలు గురించి విదేశాంగ శాఖను అడగమని కోరవచ్చు. పార్లమెంటులో అనుమతి పొందిన ప్రశ్నకు మంత్రిత్వ శాఖ జవాబు ఇవ్వవలసిందే. లేఖలో భావాలు కాకుండా ఒప్పందం పేరు, తేదీ, అధికరణం సంఖ్య, గడువు, మీ జిల్లాలో దాని ప్రభావం, ఈ ఐదూ ఉండాలి.

కొత్తగా మొదలుపెట్టేవారికి నేను సూచించే పత్రం 2025 ఏప్రిల్ 3న బ్యాంకాక్‌లో, ఆరో బిమ్‌స్టెక్ శిఖరాగ్ర సమావేశానికి ముందు రోజున, సంతకాలు జరిగిన సముద్ర రవాణా సహకార ఒప్పందం. గోపాల్‌పూర్‌లో ఓడరేవు ఉంది కాబట్టి బరంపురం చుట్టుపక్కల వారికి ఇది దూరపు విషయం కాదు. దాని పాఠం సంపాదించి సంతకం తేదీని ఎడమ పేజీలో రాయండి. కుడి పేజీలో ఏడు దేశాల పేర్లు వరుసగా రాసి, ఏ దేశం ఏ తేదీన ఆమోదం తెలిపిందో తెలిసినప్పుడల్లా ఆ పేరు పక్కన నమోదు చేస్తూ వెళ్ళండి.